కోనసీమ కంకరలో ఎర్ర చుక్కలు: వంద కోట్ల ఏళ్ల కింద ఉడికిన ఒండ్రు

కోనసీమలో రాయి పుట్టదు. పునాది తవ్వితే నల్లమట్టి, దాని కింద ఇసుక, ఆ కింద మళ్లీ బంకమన్ను, అంతలోనే నీళ్లు ఊరిపోతాయి. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వెయ్యాలన్నా కంకర బయటి నుంచి లారీల మీద రావాల్సిందే. కొంత గోదావరి అవతల కొవ్వూరు దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి వస్తుంది. కొంత రాజమండ్రికి పైన ఉన్న మెట్ట కొండల నుంచి దిగుతుంది.

మొన్న వేసవిలో ప్రహరీ గోడ కోసం దింపిన కంకర గుట్ట మీద మా అన్నయ్య కొడుకు కూర్చుని రాళ్లు ఏరుతున్నాడు. ఒకటి పట్టుకొచ్చి, "బాబాయ్, దీనికి దద్దుర్లొచ్చాయి చూడు" అన్నాడు. కుళాయి కింద కడిగి ఎండలో పెట్టాం. దానిమ్మ గింజ రంగులో, పెసర గింజంత చుక్కలు ఒళ్లంతా ఉన్నాయి. వాటి మధ్య తెల్లగా, పట్టు దారాల్లా సన్నని పుల్లలు, అన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. అక్కడక్కడ బూడిద రంగులో మెరిసే రేకులు. వాటి మీద వేలు రాస్తే పెన్సిల్ రాసినట్టు నల్లగా అంటుకుంది.

ఆ ఎర్ర చుక్క గార్నెట్. తెల్ల పుల్ల సిలిమనైట్. వేలికి అంటింది గ్రాఫైట్, అంటే పెన్సిల్ ముల్లులో ఉండేదే. మూడూ కలిసి ఉన్న ఈ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. పాపికొండల్లో, పోలవరం దగ్గర, విశాఖ కైలాసగిరి మీద కనిపించేది ఈ జాతి రాయే.

2025 జనవరిలో పోలవరం దగ్గర కొత్త డయాఫ్రం వాల్ (నది అడుగున నీరు జారిపోకుండా లోపలికి దించే గోడ) పని మొదలైనప్పటి నుంచి "కింద రాయి తగిలేదాకా", "గట్టి రాతిలోకి దించాలి" అనే మాటలు వినబడుతూ వచ్చాయి. ఆ రాయి ఏమిటని అడిగితే తలో మాటా చెబుతారు. అగ్నిపర్వతం నుంచి వచ్చిందని కొందరు, చారలున్నాయి కాబట్టి నది పేర్చిన మట్టి పొరలు గట్టిపడ్డాయని కొందరు. ప్రీకేంబ్రియన్ రాయి అని పేపర్లో రాస్తారు గానీ ఆ మాటకు అర్థం చెప్పరు. ఈ ముడి ఒక్కో పోగు చొప్పున విప్పుకుందాం.

ప్రీకేంబ్రియన్ అంటే ఎంత పాతది

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. అందులో పుట్టుక నుంచి 53.9 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఉన్న కాలమంతా ప్రీకేంబ్రియన్. అంటే భూమి చరిత్రలో నూటికి 88 వంతులు ఆ ఒక్క పేరు కిందే ఉన్నాయి.

కోట్ల లెక్క మనసుకు ఎక్కదు కాబట్టి కిలోమీటర్లలోకి మార్చి చూద్దాం. ఒక కిలోమీటరు కోటి ఏళ్లు అనుకుంటే భూమి వయసు 454 కిలోమీటర్లు, రమారమి హైదరాబాద్ నుంచి అమలాపురం దూరం. హైదరాబాద్‌లో బస్సెక్కినప్పుడు భూమి పుట్టింది, అమలాపురంలో దిగేసరికి ఈ రోజుకు వచ్చాం. సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం అన్నీ ప్రీకేంబ్రియనే. ఇంచుమించు తణుకు దగ్గర ఆ కాలం ముగుస్తుంది. పంగిడి క్వారీలో దొరికే నల్లరాయి లావాగా పారింది అమలాపురం ఇంకా ఆరున్నర కిలోమీటర్లు ఉందనగా. మనిషి జాతి పుట్టింది బస్టాండుకు ముప్పై మీటర్ల దూరంలో. మా వాడి చేతిలో రాయి ఉడికింది ఏలూరు దాటిన కాసేపటికి, అంటే సుమారు వంద కోట్ల ఏళ్ల కింద.

మారిన రాయి, వంగిన రాయి

బడిలో మూడు రకాల శిలలు చదువుకున్నాం. కరిగిన పదార్థం చల్లారితే అగ్నిశిల. మట్టీ ఇసుకా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఈ రెండింటిలో ఏదైనా భూమి లోపలికి దిగి, వేడికీ ఒత్తిడికీ లోనై, కరిగిపోకుండానే వేరే ఖనిజాలుగా మారితే రూపాంతర శిల. "కరిగిపోకుండానే" అన్నది ఇక్కడ ముఖ్యం. రాయి మొత్తం కరిగితే పాత గుర్తులన్నీ పోయి మళ్లీ అగ్నిశిల అవుతుంది. రూపాంతరంలో రాయి గట్టిగా ఉండగానే లోపలి అణువులు చోటు మార్చుకుంటాయి.

దీనితో పాటు వినబడే ఇంకో మాట విరూపణ. అంటే రాయి ఆకారం మారడం: మడత పడటం, సాగడం, నలగడం, విరగడం. రూపాంతరం రాయి లోపల ఏముందన్న దానికి సంబంధించింది, విరూపణ అది ఎలా వంగిందన్న దానికి. రెండూ తరచూ కలిసే జరుగుతాయి, అందుకే ఒకటనుకుంటారు. కానీ భూమి లోపల కరిగి ఉన్న రాయి, అంటే మాగ్మా, పక్కన ఉన్న సున్నపురాయి ఎటూ వంగకుండానే పాలరాయి కావచ్చు. పైపైన ఉన్న రాయి ఖనిజం ఒక్కటీ మారకుండానే విరిగి బీటలివ్వచ్చు.

ఇటుక బట్టీలో ఏం తక్కువైంది

గోదావరి లంకల పక్కన ఒండ్రు తవ్వి ఇటుక కోస్తారు. పచ్చి ఇటుకను ఆరబెట్టి, బట్టీ పేర్చి, ఊక పోసి కాలుస్తారు. బట్టీ లోపల వేడి 900 నుంచి 1000 డిగ్రీల దాకా పోతుంది. తూర్పు కనుమల ఖోండలైట్ చవిచూసిన వేడి కూడా దాదాపు అంతే. పాడేరు, అనకాపల్లి, అరకు ప్రాంతాల్లో సఫిరిన్ అనే నీలి ఖనిజం క్వార్ట్జ్‌ను, అంటే ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజాన్ని, ఆనుకుని దొరుకుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెరగాలంటే వేడి 900 డిగ్రీలు దాటాలి. భూమి పైపొరలో అంతటి వేడి నమోదైన చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి.

మట్టి అదే, వేడి అంతే. మరి బట్టీలో ఇటుక ఎందుకయింది, గార్నెట్ ఎందుకు పుట్టలేదు?

మొదటి తేడా ఒత్తిడి. లెక్క వేసి చూద్దాం. ఒక కిలోమీటరు మందం రాయి కింద ఒత్తిడి సుమారు 270 బార్లు పెరుగుతుంది. ఖోండలైట్‌లోని ఖనిజాలు చెప్పే ఒత్తిడి 8,000 బార్ల చుట్టుపక్కల ఉంటుంది. 8,000ను 270తో భాగిస్తే దాదాపు 30 కిలోమీటర్లు. అంత లోతున ఈ రాయి ఉండేదన్నమాట. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు కిలో బరువు. కాబట్టి వేలి గోరంత చోటు మీద ఎనిమిది టన్నులు.

రెండోది కాలం. బట్టీ కాలేది రోజుల లెక్కన. కొండ కింద రాయి ఉడికింది లక్షల, కోట్ల ఏళ్లు. గట్టి రాతిలో అణువు కదలాలంటే చీమ నడకకన్నా ఎన్నో రెట్లు నెమ్మది. పెసర గింజంత గార్నెట్ పేరుకోవాలంటే చుట్టుపక్కల ఇనుమూ మెగ్నీషియమూ అల్యూమినియమూ ఒక్కో అణువుగా అక్కడికి చేరాలి. బట్టీకి ఆ తీరిక లేదు.

మూడోది గాలి. బట్టీలో గాలి ఆడుతుంది కాబట్టి మట్టిలోని ఇనుము తుప్పు రంగెక్కి ఇటుక ఎర్రబడుతుంది, ఊకలో, మట్టిలో ఉన్న కర్బనం కాలిపోతుంది. ముప్పై కిలోమీటర్ల లోతున గాలి ఏదీ? అందుకే ఇనుము గార్నెట్‌లోకి వెళ్లింది, కర్బనం కాలకుండా గ్రాఫైట్‌గా మిగిలింది.

ఖోండలైట్ వంటకంలో దినుసులు

ఇక్కడే నన్ను ఎప్పుడూ నిలబెట్టేసే సంగతి ఉంది. ఖోండలైట్‌లో అల్యూమినియం బాగా ఎక్కువ. అల్యూమినియం అంతగా పోగుపడేది బంకమట్టిలో. కొండ రాళ్లు ఎండకూ వానకూ కుళ్లి, కరిగేవన్నీ నీళ్లలో కొట్టుకుపోయాక మిగిలే మెత్తని పదార్థమే బంకమట్టి. నది దాన్ని మోసుకొచ్చి నీళ్లు నిదానించిన చోట దింపుతుంది. అంటే ఖోండలైట్ ఒకప్పుడు ఏదో తీరాన, లోతులేని సముద్రంలో పేరుకున్న బురద. మన ఒండ్రు లాంటిదే.

ఆ బురదను లోపలికి దించుకుంటూ పోతే ఏమవుతుందో వరసగా చూద్దాం. మొదట నీళ్లు పిండుకుపోయి షేల్ అనే మెత్తని పలక రాయి అవుతుంది. 200 డిగ్రీలు దాటాక రూపాంతరం మొదలు. బంకమట్టి రేణువులు అభ్రకంగా మారతాయి. 500, 600 డిగ్రీల దగ్గర గార్నెట్ పుడుతుంది. ఆపైన అభ్రకం కూడా నిలవలేదు, తనలో దాచుకున్న నీటిని వదిలేస్తుంది. ఆ నీటి వల్ల రాయిలో కొంత భాగం కరిగి, తెల్లటి చారలుగా విడిపోతుంది. మిగిలిన గట్టి భాగంలో అల్యూమినియం, సిలికా కలిసి సిలిమనైట్ పుల్లలవుతాయి.

ఈ సిలిమనైట్‌కు ఇద్దరు తోబుట్టువులున్నారు: అండలూసైట్, కయనైట్. మూడింటి రసాయనం ఒక్కటే, అణువుల అమరికే వేరు. ఒత్తిడి తక్కువగా ఉంటే అండలూసైట్, ఒత్తిడి ఎక్కువై వేడి అంతగా లేకపోతే కయనైట్, వేడి బాగా పెరిగితే సిలిమనైట్. దాదాపు 500 డిగ్రీలు, 4,000 బార్ల దగ్గర మూడింటి హద్దులూ కలుస్తాయి. కాబట్టి రాతిలో ఏది ఉందో చూస్తే అది ఏ దారిన దిగిందో ఊహించవచ్చు. కొండ రాళ్లలో ప్రకృతి పెట్టిన థర్మామీటరు ఇది.

బురద పక్కన ఇసుక మేట ఉంటే అది క్వార్ట్జైట్ అయింది. సున్నపు బురద ఉంటే ఆకుపచ్చ ఖనిజాలతో కాల్క్ గ్రాన్యులైట్ అయింది. తూర్పు కనుమల్లో ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. అంతర్వేది దగ్గర నిలబడితే ఇసుక తిన్నె, మడ అడవుల బురద, గవ్వల మేట పక్కపక్కన కనిపిస్తాయి చూడండి, అలాగే.

మరి గ్రాఫైట్? బురదలో కలిసిన నాచు, సూక్ష్మజీవుల అవశేషాలే ఉడికి గ్రాఫైట్ అయ్యాయని ఎక్కువమంది అంటారు. పగుళ్లలో నరాల్లా కనిపించే గ్రాఫైట్ మాత్రం లోతు నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల నుంచి పేరుకుందని ఇంకొందరు. కర్బనంలో బరువైనదీ తేలికైనదీ ఏ పాళ్లలో ఉన్నాయో కొలిచి దీన్ని తేలుస్తారు. జీవం నుంచి వచ్చిన కర్బనంలో తేలిక రకం ఎక్కువ. పొరల్లో సమంగా పరుచుకున్న రేకులకు మొదటి మాట, నరాల్లోని ముద్దలకు రెండో మాట సరిపోవచ్చు. రెండూ ఒకే కొండలో ఉండటానికి అడ్డేమీ లేదు.

రాయి వంగుతుందా? ఆత్రేయపురం వెళ్దాం

రాయి విరుగుతుంది గానీ వంగుతుందంటే నమ్మబుద్ధి కాదు. పూతరేకు చుట్టేవాళ్లను దగ్గరుండి చూస్తే సందేహం తీరుతుంది. కుండ మీద నుంచి తీసిన రేకు పొడిగా ఉన్నప్పుడు మడిస్తే పెళుసుగా విరిగి పొడైపోతుంది. అందుకే తడి గుడ్డతో కాస్త అద్దుతారు. మెత్తబడిన రేకు ఎటు మడిస్తే అటు మడత పడుతుంది. రేకు అదే, పరిస్థితి మారింది.

రాతికి ఆ మెత్తదనం వేడి వల్ల వస్తుంది. పైన ఓ పది పదిహేను కిలోమీటర్ల దాకా రాయి పొడి రేకులాంటిది, బలం ఎక్కువైతే విరుగుతుంది. భూకంపాలు ఎక్కువగా పుట్టేది ఈ పెళుసు భాగంలోనే. ఇంకా కిందికి పోయేకొద్దీ తడి రేకులా వంగుతుంది, సాగుతుంది. ఖోండలైట్ కొండల్లో చెయ్యంత మడతలు, కొండంత మడతలు రెండూ కనిపిస్తాయి. ఒకసారి మడిచిన దాన్ని అడ్డంగా తిప్పి మళ్లీ మడిచిన గుర్తులు కూడా ఉంటాయి. చుట్టిన పూతరేకును నిలువుగా కోస్తే కనిపించే పొరల వంపు లాంటిదే రాతి ముఖం మీద కనబడుతుంది.

సాగినప్పుడు ఇంకో చిత్రం జరుగుతుంది. చలిమిడి ముద్దలో కొబ్బరి ముక్క పెట్టి రెండు వైపులా లాగండి. చలిమిడి సాగుతుంది, కొబ్బరి సాగలేక ముక్కలవుతుంది, ఆ ముక్కల సందుల్లోకి చలిమిడి చొరబడుతుంది. రాళ్లలోనూ మెత్తని పొర మధ్య గట్టి పొర ఉంటే అంతే. గట్టి పొర దిండ్లు వరసగా పేర్చినట్టు ముక్కలై ఉంటుంది. ఆ దిండ్ల వరస ఎటు ఉందో చూస్తే రాయి ఎటు సాగిందో తెలుస్తుంది.

చారలన్నీ నది వేసినవి కావు

ఇదే జనాన్ని ఎక్కువ తికమక పెట్టే చోటు. పాపికొండల లాంచీలో వెళ్తూ కొండ మీద చారలు చూసి "చూశారా, పొరలు పొరలుగా మట్టి ఎలా పేరుకుందో" అంటారు. కొన్ని చారలకు ఆ పాత పేర్పుతో సంబంధం ఉంటుంది. చాలా వాటికి ఉండదు.

మామిడి తాండ్ర చేసేటప్పుడు చాప మీద రసం పోసి ఆరాక, దాని మీద ఇంకో పూత, ఆపైన ఇంకోటి. కోసి చూస్తే పొరలుంటాయి. కింది పొర ముందుది, పై పొర తర్వాతది. అవక్షేప శిలలో పొరలు ఇలాంటివి. రూపాంతర శిలలో చారలు వేరుగా పుడతాయి. గుప్పెడు బియ్యం అరచేతిలో వేసుకుని రెండో చేత్తో అదిమి రుద్దితే గింజలు మెల్లగా ఒకే దిక్కుకు తిరుగుతాయి. అలాగే రాయి నలిగేటప్పుడు అభ్రకం రేకులు, సిలిమనైట్ పుల్లలు ఒత్తిడికి అడ్డంగా పడుకుంటాయి. నల్లవీ తెల్లవీ వేరువేరు పట్టీలుగా విడిపోతాయి. ఇది ఒత్తిడి గీసిన గీత. దీన్ని పత్రీకరణ అంటారు. ఇందులో కింది చార ముందుది, పై చార తర్వాతది అనే లెక్క పనికిరాదు.

మా కంకర రాయిలో తెల్ల పుల్లలన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయని చెప్పాను కదా, అది ఈ గీతే. గార్నెట్ గుండ్రంగా ఉండి పుల్లలు దాని చుట్టూ వంపు తిరిగి పోతుంటే, నలుగుడు జోరుగా సాగేటప్పటికే గార్నెట్ అక్కడ ఉందని అర్థం. కాలువలో రాయి చుట్టూ నీరు తిరిగి పారినట్టు ఉంటుంది. గార్నెట్ కడుపులోనే పుల్లలు చిక్కుకుని ఉంటే, ముందు పుల్లలు పుట్టి తర్వాత గార్నెట్ వాటిని మింగుతూ పెరిగిందని. ఒక్క రాతిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇలాగే చదువుతారు.

రెండు నల్లరాళ్లు

మేస్త్రీల భాషలో రెండూ నల్లరాయే, రెండూ నల్ల కంకరే. నిజానికి వాటి మధ్య తొంభై కోట్ల ఏళ్ల తేడా ఉంది.

పంగిడి రాయి బసాల్ట్. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కింద పారిన లావా. దక్కన్ పీఠభూమి మీద పొంగిన లావాయే పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. రాజమండ్రి పక్క కాతేరు దగ్గర కూడా ఇది కనబడుతుంది. ఇది ఉడకలేదు, నలగలేదు. "అగ్నిపర్వతపు రాయి" అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

మెట్ట కొండల నల్లరాయి ఎక్కువగా చార్నకైట్. ఖోండలైట్‌కు పక్కనే ఉండే జోడీ. విరిచి చూస్తే బసాల్ట్ గింజలు కంటికి ఆనవు, ముఖమంతా నున్నని నలుపు. చార్నకైట్‌లో గింజలు కంటికి కనబడతాయి, నూనె రాసినట్టు మెరుపు, కాస్త ఆకుపచ్చ జీర, మధ్యలో నీలిరంగు క్వార్ట్జ్. ఎండలో అటూ ఇటూ తిప్పితే తేడా చటుక్కున తెలుస్తుంది. ఆ పేరు వెనక కథ కోల్‌కతాలో ఉంది. అక్కడి సెయింట్ జాన్ చర్చిలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి మీద పెట్టిన రాయి ఇదే జాతిది. దాన్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ 1893లో ఆయన పేరే రాయికి పెట్టాడు.

వయసు ఎలా తెలిసింది

జిర్కాన్ అనే చిన్న ఖనిజం ఈ రాళ్లలో ఇసుక రేణువుకన్నా సన్నగా ఉంటుంది. పుట్టేటప్పుడు కాస్త యురేనియంను లోపలికి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత ఆ యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతూ పోతుంది. యురేనియం 238 సగానికి తగ్గడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది.

మొదట 1,000 యురేనియం అణువులు ఉన్నాయనుకుందాం. వంద కోట్ల ఏళ్లకు 856 మిగులుతాయి, 144 సీసమవుతాయి. కాబట్టి ఇవాళ ఒక జిర్కాన్‌లో 856కు 144 చొప్పున కనిపిస్తే అది వంద కోట్ల ఏళ్ల కింద పుట్టిందని లెక్క.

చిక్కేమిటంటే ఒకే జిర్కాన్‌లో రెండు వయసులు ఉండవచ్చు. నడుమ భాగం పాత బురదతో పాటు కొట్టుకొచ్చిన గింజ. చుట్టూ ఉన్న పొర రాయి ఉడికినప్పుడు కొత్తగా పేరుకున్నది. మొత్తం గింజను ఒకేసారి కొలిస్తే రెండూ కలిసి అర్థంలేని సంఖ్య వస్తుంది. అందుకే సన్నని కిరణంతో నడుమ ఒక చుక్క, అంచున ఒక చుక్క విడిగా కొలుస్తారు. గోదావరికి ఉత్తరాన ఉన్న తూర్పు కనుమల రాళ్లలో అంచు వయసు ఎక్కువగా 95 నుంచి 100 కోట్ల ఏళ్ల చుట్టూ తేలుతుంది. దక్షిణాన ఒంగోలు వైపు రాళ్లలో అది 160 కోట్ల దగ్గర ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉండే కొండలు, మధ్యలో గోదావరి లోయ, అటూ ఇటూ అరవై కోట్ల ఏళ్ల తేడా.

ఇంకా తేలని వాదనలు

చార్నకైట్ ఎలా పుట్టిందన్న వాదన నూరేళ్లకు పైబడింది. హాలండ్ దాన్ని అగ్నిశిల అన్నాడు: నీటి శాతం చాలా తక్కువున్న వేడి మాగ్మా లోతున గడ్డకట్టింది. తర్వాత వచ్చినవాళ్లు కర్ణాటకలోని కబ్బల్‌దుర్గ, కేరళలోని పొన్ముడి క్వారీలు చూపించారు. అక్కడ నైస్ అనే తెల్లటి చారల రూపాంతర శిల మధ్యలో, పగుళ్ల వెంట, నల్లటి చార్నకైట్ మచ్చలుంటాయి. పగులు గుండా కార్బన్ డయాక్సైడ్ వచ్చి రాతిలోని నీటిని తరిమేసిందని, ఆ నీరు పోయిన మేర రాయి చార్నకైట్‌గా మారిందని వాళ్లు చెప్పారు. ఈ రెండో మాట ఆ మచ్చలకు బాగా అతుకుతుంది. కొండలకు కొండలుగా ఉన్న చార్నకైట్‌కు మాత్రం మొదటి మాటే నాకు బలంగా కనబడుతుంది. అంత రాతిని మార్చాలంటే ఎంత వాయువు కావాలో లెక్క వేస్తే నమ్మడం కష్టమవుతుంది.

రెండో వాదన వేడి గురించి. 30 కిలోమీటర్ల లోతున మామూలుగా 500, 600 డిగ్రీలు ఉంటాయి. ఇక్కడ 900 దాటింది. మిగతా మూడు నాలుగు వందల డిగ్రీలు ఎక్కడివి? భూమి పైపొరకు కింద ఉండే మాంటిల్ నుంచి మాగ్మా పైకి వచ్చి కాచిందని ఒక వాదన. ఖండాలు ఢీకొని పొర మందమైతే, దానిలోని యురేనియం, థోరియం, పొటాషియం పుట్టించే వేడే బయటికి పోలేక కోట్ల ఏళ్లు పోగుపడిందని ఇంకోటి. మొదటిదైతే వేడి చప్పున ఎక్కి చప్పున దిగాలి, రెండోదైతే నిదానంగా ఎక్కి చాలాకాలం నిలవాలి. తూర్పు కనుమల్లో కొన్ని చోట్ల వేడి ఎన్నో కోట్ల ఏళ్లు నిలిచిందని జిర్కాన్‌లు చెబుతున్నాయి. అందువల్ల రెండో వాదనకు ఈమధ్య బలం పెరిగింది.

మూడోది ఎవరితో ఢీకొన్నాం అనేది. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లు, మన తూర్పు కనుమల రాళ్లు వయసులోనూ పోలికలోనూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉంటాయి. అవి ఒకే పర్వత శ్రేణి అన్నదానిలో పెద్దగా తగువు లేదు. ఆ శ్రేణి భారత భూభాగానికి ఎప్పుడు అతుక్కుంది అన్నదే తగువు. వంద కోట్ల ఏళ్ల కిందే అని కొందరు, చివరి అతుకు 50 కోట్ల ఏళ్ల కిందే పడిందని కొందరు. బస్తర్ అంచున రాళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట 50 కోట్ల నాటి వేడి గుర్తులు దొరకడం రెండో పక్షానికి ఆధారం. పాత అతుకే అప్పుడు మళ్లీ కదిలిందని మొదటి పక్షం జవాబు.

పోలవరంలో ఈ చదువు ఎందుకు

నది అడుగున పదుల మీటర్ల ఇసుక. దాని గుండా నీరు జారిపోకుండా ఉండాలంటే ఇసుకను దాటి కింది రాతిలోకి గోడ దించాలి. ఆ రాయి ఖోండలైట్ జాతిది. ఖోండలైట్ లోపల గట్టిగానే ఉంటుంది గానీ గాలీ నీరూ తగిలిన పైభాగం త్వరగా కుళ్లుతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మళ్లీ బంకమట్టి అవుతుంది. పైన రాయిలా కనబడుతూనే గుచ్చితే దిగిపోయే పొర ఉండవచ్చు. అందుకే "రాయి తగిలింది" అంటే చాలదు, కుళ్లని రాయి తగలాలి. పత్రీకరణ ఎటు వాలి ఉందో, పగుళ్లు ఎటు పోతున్నాయో కూడా చూస్తారు. నీరు దారి వెతుక్కునేది ఆ గీతల వెంటే.

తిరిగి మన దగ్గరికి

ముప్పై కిలోమీటర్ల లోతున ఉడికిన రాయి కంకర గుట్ట మీదికి ఎలా వచ్చింది? దాని మీది ముప్పై కిలోమీటర్లూ వంద కోట్ల ఏళ్లలో తొలగిపోయాయి. సగటున ఏడాదికి 0.03 మిల్లీమీటర్లు. ఇవాళ్టి పాపికొండలు ఆ మహా పర్వతం తాలూకు వేరు మాత్రమే.

ఆ అరుగుదల ఇంకా సాగుతూనే ఉంది. అంతర్వేది తీరాన అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లని, ఎర్రని జీరలు మిగులుతాయి. చిటికెడు తీసి కాగితం మీద పోసి, కింద అయస్కాంతం ఆడిస్తే నల్ల రేణువులు చాలామటుకు దాని వెంట పరుగెడతాయి. వాటిలో దక్కన్ లావా నుంచి కొట్టుకొచ్చిన ఇనుప ఖనిజం ఉంటుంది. కదలకుండా మిగిలిన వాటిలో లేత ఎరుపు గార్నెట్, తెల్ల సిలిమనైట్ ఉంటాయి. అవి కొండల నుంచి వచ్చినవి. కుళ్లిన ఖోండలైట్ బంకమన్ను మాత్రం ఇంకా తేలిక, అది సముద్రంలోకి పోయి అడుగున పేరుకుంటుంది.

కోనసీమ కింద అలా పేరుకున్న మట్టీ ఇసుకా కిలోమీటర్ల మందం ఉంది. తణుకు దగ్గర పాత రాయి గట్టులా కాస్త పైకి లేచి ఉంటుంది, చమురు కోసం వెతికేవాళ్లు దాన్ని తణుకు హోర్స్ట్ అంటారు. రెండు పక్కలా అది లోతుకు దిగిపోతుంది. గ్యాస్ కోసం వేసిన లోతైన బావుల అడుగున వేడి 150 డిగ్రీలు దాటిన చోట్లున్నాయి. అక్కడి బురద అప్పటికే షేల్ అయింది, బంకమట్టి ఖనిజం ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారిపోయింది, దానిలోని కర్బనం గ్యాస్‌గా వస్తోంది. ఖోండలైట్ వేసిన మొదటి అడుగు అదే. తర్వాతి అడుగు పడాలంటే ఇంకో ఖండం వచ్చి ఈ తీరాన్ని గుద్దాలి. మన తూర్పు తీరం దగ్గర అలాంటి కదలిక ఇప్పుడేమీ లేదు, కాబట్టి ఆ బురద అక్కడే, ఆ వేడిలోనే నిలిచి ఉంది. మా వాడు ఆ ఎర్ర చుక్కల రాయిని కిటికీ గూట్లో పెట్టుకున్నాడు. మిగతా కంకరంతా సిమెంటులో కలిసిపోయింది.